బస్తా అడుగున పిక్కలు

ఇల్లు కొనడానికి వెళ్లినవాళ్లు ముందు ఏం చూస్తారండీ? గుమ్మం చూస్తారు, హాలు చూస్తారు, వంటింట్లో తొంగిచూసి వెలుతురు బాగుందంటారు. మా అత్త అప్పలకొండమ్మ వీటిల్లో ఒక్కటీ చూడలేదు. వీధి మెట్టు దగ్గర చెప్పులు విడిచి, హాల్లో కుర్చీలు వేసి కూర్చోమంటున్న మనుషుల్ని దాటుకుని, నేరుగా పెరట్లోకి వెళ్లి మురుగు కాలువ పక్కన గొంతుక్కూర్చుంది. అక్కణ్ణించి లేచి, వెనక గదిలోకి వచ్చి, పరాయివాళ్ల మంచం కిందకి దూరి గోడ అడుగున అరచేత్తో తడిమింది. ఇంటివాళ్ల ముందు నా తల తీసేసినట్టయింది.

చర్చి వెనక వీధిలో ఉందా ఇల్లు. అప్పటికి నెల ముందే నేను దాన్ని మనసులో కొనేసుకున్నాను. రెండు గదులు, హాలు, వీధి వరండా, పెరట్లో సపోటా చెట్టు. నేను పనిచేసే ల్యాబ్‌కి ఆరు నిమిషాల నడక, మా పిల్ల బడికి నాలుగు నిమిషాలు. తొమ్మిదేళ్లుగా అబీద్ సెంటర్ దగ్గర మేడ మీది రెండు గదుల్లో అద్దెకుండి, వేసవి వస్తే గచ్చు మీద నీళ్లు చల్లుకుని పడుకునేవాళ్లం. కొత్త ఇంటి కిటికీలకి నీలం కర్టెన్లు కూడా మనసులో కుట్టించేశాను. ఇక మిగిలిందల్లా ఆవిడ ఊఁ అనడమే.

ఆవిడెందుకు అనాలంటే, బ్యాంకువాళ్లు ఇచ్చేది సగానికి సరిపోదు. మిగతాది రావాలంటే రోలుగుంట దగ్గర మా అత్త పేరున ఉన్న జీడితోట అమ్మాలి. మామయ్య పోయాక ఆ తోటని ఆవిడ ఒంటిచేత్తో నిలబెట్టింది. మా ఆయన గోవింద్ లైన్‌మన్. కరెంటు స్తంభం ఎక్కితే మహా ధైర్యవంతుడు, ఇంట్లో మాత్రం చివర ఎవరు మాట్లాడితే వాళ్ల పక్షం. తోట సంగతి తల్లి దగ్గర ఎత్తడానికే రెండు వారాలు పట్టింది. ఎత్తాక ఆవిడ కోప్పడలేదు, ఏడవలేదు. "ముందు ఇల్లు సూద్దాం" అంది.

ఆవిడ చూసే పద్ధతి గురించి చెప్పాలి. జీడిపిక్కల కాలం వచ్చిందంటే, ఆ చుట్టుపక్కల కొనే వ్యాపారులు బస్తాలు చూడ్డానికి మా అత్తని బండి మీద తీసుకెళ్తారు. బస్తా పైన ఎవడైనా మంచి పిక్కే పోస్తాడు. ఆవిడ పైన చూడను కూడా చూడదు. చెయ్యి భుజం దాకా బస్తాలోకి దింపి, అడుగు నుంచి గుప్పెడు తీసి, అడకత్తెరతో ఒక్కో పిక్కా కోసి లోపల పప్పు చూస్తుంది. చూసి ఒకే మాట చెప్తుంది. "పదిట్లో ఒకటి పుచ్చు. బస్తా మంచిదే." లేదంటే, "పదిట్లో నాలుగు. కట్టీసి అట్టుకుపో." రైతు కాదనడు, కొనేవాడూ కాదనడు. ముప్పై ఏళ్ల జీడి సొనకి ఆవిడ కుడిచేతి వేళ్లు మసిబొగ్గుల్లా నల్లబడిపోయాయి. ఆ చేత్తోనే ఇప్పుడు వాళ్ల గోడ తడుముతోంది.

ఇంటాయన జాన్ ప్రసాద్ మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య దీనాగారు కేకులు బాగా చేస్తారు. వైజాగ్‌లో కూతురు బేకరీ పెట్టి, "అమ్మా, నువ్వొస్తేనే నడుస్తుంది" అందిట. అంతే, అరవై ఏళ్ల వయసులో ఆవిడ కొత్త ఉద్యోగంలో చేరబోతున్నంత హుషారుగా సామాన్లు సర్దేస్తున్నారు. అందుకే అమ్మకం.

మా అత్త హాల్లోకి వచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, నిలబడే అడిగింది.

"మాస్టారూ, ఈ ఇంటికి జబ్బేటి?"

నేను తాగుతున్న మజ్జిగ గొంతులో అడ్డం పడింది. గోవింద్ తలెత్తి ఫ్యాను వైపు చూడ్డం మొదలెట్టాడు. మాస్టారు కళ్లజోడు తీసి మా అత్తని తేరిపార చూసి, పెద్దగా నవ్వారు.

"పద్నాలుగు కుటుంబాలు చూసి వెళ్లారండీ ఈ ఇల్లు. వాస్తు అడిగారు, గజాలు అడిగారు, మేమేవిట్లమని కులం కూడా అడిగారు. జబ్బేవిటని అడిగింది మీరొక్కరే."

"మరి సెప్పండి."

"నేను మాస్టర్నండీ. పరీక్ష పెట్టకుండా జవాబు చెప్పడం అలవాటు లేదు. ముందు మీరు కనిపెట్టండి. మీకు దొరకనివి నేనే చెప్తాను. ఒక్కటీ దాచను, ప్రభువు మీద ఒట్టు."

"ఎప్పటికి సెప్తారు?"

"వానలు పడేలోగా."

"కాదు. వాన పడ్డాక" అంది మా అత్త.

దీనాగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఇన్నాళ్లకి ఈయనకో మంచి స్టూడెంటు దొరికింది" అన్నారు.

అలా మొదలైంది ఆ వేసవి. అది మార్చి నెల. లక్షణంగా ఉగాదికి ముందే అడ్వాన్సు ఇచ్చేద్దామని నేననుకుంటే, ఈ ముసలివాళ్లిద్దరూ జూన్ దాకా పరీక్షలు పెట్టుకున్నారు. ఆవేళ ఊళ్లో దింపడానికి వెళ్తూ, బస్సులో మా అత్తతో నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆవిడ అది గమనించినట్టు కూడా లేదు, కిటికీలోంచి దారి పొడుగునా చెరుకు తోటలు చూసుకుంటూ కూర్చుంది.

వారానికో రోజు వచ్చేది. పొద్దున్న తోటలో పిక్కలు ఏరించి, పదకొండు గంటల బస్సుకి రోలుగుంటలో ఎక్కి, ఇక్కడ బస్సు కాంప్లెక్స్‌లో దిగి, మా ఇంటికి కూడా రాకుండా తిన్నగా ఆ ఇంటికే వెళ్లేది. ఒక వారం మిట్టమధ్యాహ్నం డాబా మీద బిందెడు నీళ్లు పోసి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఇంకుతున్నాయో చూస్తూ ఆ ఎండలో నిలబడింది. పిట్టగోడ వారన వెంట్రుకంత పగులు దొరికింది. ఇంకో వారం బోరు నీళ్లు గాజు గ్లాసులో పట్టి, సాయంత్రం దాకా కదపకుండా ఉంచితే, అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకుంది. ఆ పై వారం పెరటి గోడ పొడుగునా అడుగులేసి కొలిచి, పక్కింటి సింహాద్రమ్మ వాళ్ల మెట్లు జానెడు ఇటు జరిగి ఉన్నాయనీ, ఆ మెట్ల కింద మురుగు కాలువ నొక్కుకుపోయిందనీ తేల్చింది.

మాస్టారు ఏం చేశారనుకున్నారు? అటక మీంచి సుద్దముక్కల డబ్బా దింపి, పెరటి తలుపు మీద ఆ జబ్బులన్నీ వరసగా రాసుకొచ్చారు. "ఒకటి: డాబా పగులు. రెండు: బోరు నీళ్లలో ఇనుము." గుండ్రటి అక్షరాలు, కింద గీత కూడా. కొత్తది దొరికినప్పుడల్లా "వెరీ గుడ్ అప్పలకొండమ్మగారూ" అనేవారు. తన ఇంటి జబ్బుల జాబితా తన తలుపు మీద తనే రాసుకునే అమ్మకందారుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అప్పుడు ఒళ్లు మండింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇల్లు చూపించిన బ్రోకర్ లోవరాజు అయితే ఆ తలుపు చూసి లబోదిబోమన్నాడు. "మేడం, ఇలగ రాసుకుంటే ఇల్లెలగ అమ్ముడుపోద్దండీ? మీకంత అనుమానమైతే నా దగ్గర కొత్తవున్నాయి, ఒక్క మచ్చ లేనివి" అని, ఒక ఆదివారం మమ్మల్ని ఆటోలో రావికమతం రోడ్డులో కొత్త లేఅవుట్‌కి తీసుకెళ్లాడు. అన్నీ ఒకేలాంటి ఇళ్లు, లోపల తెల్లటి సీలింగు, దాన్నిండా చిన్న చిన్న లైట్లు. గోవింద్ స్విచ్చులన్నీ వేసి చూసి మురిసిపోయాడు. మా అత్త గుమ్మంలోనే ఆగింది.

"పక్కింటోలెవరు బాబూ?"

"ఇంకా ఎవరూ దిగలేదమ్మా. అన్నీ బుక్కయిపోనాయి, వైజాగోళ్లు కొనుక్కున్నారు."

"ఎదురింట్లో?"

"అక్కడా అంతే."

"మరి నానెవర్నడగాల?" అని, వెళ్లి ఆటోలో కూర్చుంది.

అడగడమంటే గుర్తొచ్చింది. ఇల్లు చూడ్డం అరగంట అయితే, వీధిలో కబుర్లకి మూడు గంటలు కేటాయించేదావిడ. సింహాద్రమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఒకరోజు, కుళాయి దగ్గర బిందెలవాళ్లతో ఒకరోజు, చర్చి నుంచి వచ్చే ఆడవాళ్లతో ఒకరోజు. ఎవరి పిల్ల ఎక్కడ చదువుతోంది, ఎవరికి మొన్న జ్వరమొస్తే ఎవరు గంజి కాచి ఇచ్చారు, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. పని మానుకుని ముచ్చట్లేవిటని నేను గోవింద్ దగ్గర విసుక్కునేదాన్ని.

ఏప్రిల్ నెలాఖరున సింహాద్రమ్మ భర్త సింగన్న షుగర్ పరీక్షకి మా ల్యాబ్‌కి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి పలకరించాడు.

"మాస్టారిల్లు మీరే తీసుకుంటన్నారంట కదా మేడం. మంచిల్లు. మంచి మనుషులు కట్టుకున్నది." చెయ్యి చాపుతూ ఇంకో మాట కూడా అన్నాడు. "వాన గట్టిగా పడితే మాత్రం వెనక గదిలోకి నీళ్లొచ్చెస్తాయి. మా మెట్ల మూలానే లెండి. తుఫానప్పుడు మోకాలు లోతొచ్చింది."

సూది నా చేతిలో అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్లుగా రక్తం తీస్తున్నాను, ఎప్పుడూ రెండోసారి పొడవాల్సిన అవసరం రాలేదు. ఆవేళ పాపం సింగన్నని రెండుసార్లు పొడిచాను.

మా అత్తకి ఇది తెలిస్తే ఏమవుతుంది? పగులుకి సిమెంటు పెట్టొచ్చు, బోరు నీళ్లకి మిషను పెట్టొచ్చు. ఇంట్లోకి నీళ్లొచ్చే కొంపకోసం పాతికేళ్లు పెంచిన తోట ఎవరమ్ముకుంటారు? నా నీలం కర్టెన్లు గాల్లో ఎగిరిపోతున్నట్టే అనిపించింది. సాయంత్రం ఇంటికి వెళ్లేలోపు నిశ్చయించుకున్నాను, ఆవిడకి చెప్పకూడదని. నిజం చెప్పొద్దూ, పెద్దగా సిగ్గు కూడా వెయ్యలేదు.

మే రెండో ఆదివారం అందరం మాస్టారింట్లోనే ఉన్నాం. దీనాగారికి వైజాగ్ తీసుకెళ్లడానికి ఆవకాయ కావాలి. మా అత్త ఊరి నుంచి సంచెడు కాయలు తెచ్చి, వీధి వరండాలో కత్తిపీట ముందేసుకుని ముక్కలు కొడుతోంది. దీనాగారు పక్కన కూర్చుని ముక్కల్లోంచి జీడి తీసి గుడ్డతో తుడుస్తున్నారు. మాస్టారు బజారుకెళ్లారు. నేను కొలతలు తీసుకునే వంకతో గోవింద్‌ని వెనక గదిలోకి లాక్కెళ్లి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి సింగన్న చెప్పిందంతా చెప్పాను. వీధి వరండాలోంచి టక్, టక్ మని మామిడికాయలు కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆవిడ అక్కడ పనిలో ఉందిలే అని నాకు ఇంకాస్త ధైర్యం.

"అమ్మకి చెప్పొద్దా?" అన్నాడు గోవింద్.

"చెప్తే తోట అమ్ముతుందా? వానలు పడకముందే అడ్వాన్సు ఇచ్చేద్దాం. తర్వాత తెలిస్తే తెలిసింది. తడిసేది మనం గానీ ఆవిడ కాదు కదా."

"ఆవిడ కనిపెట్టేస్తుందేమోనే."

"ఎక్కడ కనిపెట్టింది? మురుగు కాలువ పక్కన కూర్చోవడం, గోడలు తడమడం, అదంతా నాటకం" అన్నాను. అని ఊరుకోలేదు. "ఎన్ని బస్తాలు చూస్తేనేం, మీ అమ్మకి ఈ పిక్క దొరకలేదు" అని నవ్వాను.

గోవింద్ నవ్వలేదు. బయట టక్, టక్ మని చప్పుడు అలాగే వస్తోంది.

ఆ తర్వాత నేను గట్టిగా పట్టుకున్నాను. లోవరాజు చెప్పమన్నట్టే చెప్పాను, కోటవురట్ల నుంచి ఎవరో పార్టీ వచ్చి చూసుకుని వెళ్లారనీ, మనం ఆలస్యం చేస్తే చెయ్యి జారిపోతుందనీ. మా అత్త విని, "వాన పడనీ సత్తిశ్రీ" అంది. పిల్ల బడి జూన్లో తెరుస్తారు, ఈలోగా దిగిపోతే బాగుంటుందన్నాను. "వాన పడనీ" అంది. రోహిణి కార్తె ఎండల్లో మేడ మీది గదులు కొలిమిలా ఉన్నాయి. వారం రోజులు ఆవిడ ఫోను ఎత్తలేదు నేను. ఆవిడకి మనమంటే ప్రేమ లేదు, తోట మీదే ప్రేమ అని గోవింద్‌తో అన్నాను. అతను ప్లేటు కడుక్కుని స్తంభం ఎక్కడానికి వెళ్లిపోయాడు.

జూన్ మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటగానే కొండల వైపు నుంచి నల్లటి మబ్బు కమ్ముకొచ్చింది. ల్యాబ్‌లో కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే దీనాగారు ఫోన్ చేశారు. "సత్యా, మీ అత్తగారు మధ్యాహ్నం బస్సుకే వచ్చేశారమ్మా. మబ్బు చూసి బయల్దేరారట. వరండాలో కూర్చుని వాన కోసం చూస్తున్నారు."

చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. చర్చి గేటు దాటేసరికే చినుకులు రాళ్లలా పడుతున్నాయి. ఇంట్లోకి దూరి, ఎవరితో ఏమీ అనకుండా తిన్నగా వెనక గదిలోకి వెళ్లాను. మంచం కింద దీనాగారు సర్దిపెట్టుకున్న అట్టపెట్టెలు, పుస్తకాల కట్టలు, చుట్టిన పరుపు. ఒక్కొక్కటే ఎత్తి మంచం మీద పెడుతున్నాను. పెరటి వైపు నుంచి ఇంకా చుక్క నీరు లోపలికి రాలేదు. గది గచ్చు పొడిగా మెరుస్తోంది.

తల తిప్పితే గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, చేతిలో తట్ట పట్టుకుని. నా వంక చూసింది, పొడి గచ్చు వంక చూసింది, మంచం మీద పెట్టెల వంక చూసింది.

"ఆ బియ్యం డబ్బా కూడా పైకెత్తు" అంది.

నేను డబ్బా ఎత్తాను.

తర్వాత పది నిమిషాల్లో వచ్చాయి నీళ్లు. మెట్ల కింద కాలువ పొంగి, పెరటి తలుపు కింద నుంచి, మాస్టారి సుద్ద అక్షరాల చివరి వరసని కడిగేసుకుంటూ గదిలోకి పాకాయి. మడమలు మునిగాయి, కాలి పిక్కల దాకా వచ్చాయి. మాస్టారు, మా అత్త తట్టలతో నీళ్లు ఎత్తి పోస్తున్నారు. అప్పుడు పెరటి గోడ మీంచి సింగన్న దూకాడు, చేతిలో పార. వెనకే సింహాద్రమ్మ, రెండు బకెట్లతో. ఎదురింటి వాళ్లిద్దరు వచ్చారు. కుళాయి దగ్గర గొడవపడే అప్పాయమ్మ వచ్చింది. చర్చిలో డ్రమ్ములు వాయించే కుర్రాళ్లు వచ్చారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఎవరెక్కడ నిలబడాలో వాళ్లకి ముందే తెలుసు. ఒకరు కాలువ తోడుతుంటే ఒకరు ఇసక మూట అడ్డం వేశారు, ఒకరు పొయ్యి మీద టీ పెట్టారు. మా అత్త నడుం పట్టుకుని ఒక పక్కన నిలబడి, నీళ్లని కాదు, ఆ మనుషుల్ని చూస్తోంది.

వాన గంటలో తెరిపిచ్చింది. గదిలో నీళ్లు కూడా అంతసేపట్లోనే తీసేశాయి. మాస్టారు సుద్దముక్క ఇస్తే, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద మా అత్త గీత గీసింది. గీత కింద గోడ రంగు ఎప్పుడో వెలిసిపోయింది. అక్కడ ఏళ్ల నాటి మరక ఉంది. మొదటిరోజు మంచం కింద దూరి ఆవిడ తడిమింది దాన్నేనని అప్పుడు తెలిసింది నాకు.

"ఇది మీకు మార్చిలోనే దొరికింది కదండీ?" అన్నారు మాస్టారు. "తలుపు మీద రాయించలేదేవిటా అనుకున్నాను."

"మరక ఎత్తు సెప్తాది గానీ, ఎంతసేపుంటాదో, ఎవలొస్తారో సెప్పదు కదండీ. వానలోనే సూడాల" అంది మా అత్త.

అందరూ వెళ్లిపోయాక, వీధి వరండాలో కూర్చుని టీలు తాగుతున్నాం. గోవింద్ కూడా డ్యూటీ దిగి తడిసిన బట్టలతోనే వచ్చాడు. మాస్టారు గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు.

"అప్పలకొండమ్మగారూ, మీకు నూటికి తొంభైతొమ్మిది. మీకు దొరకనిది ఒక్కటే మిగిలింది. మాటిచ్చాను గనక చెప్తున్నాను." పక్కనున్న సన్నటి సందు చూపించారు. "వెనక గది కిటికీ ఈ సందులోకే, ఈ వరండా గ్రిల్లూ ఈ సందులోకే. రెండు గోడల మధ్య సందు గొట్టంలా పనిచేస్తుందండీ. ఆ గదిలో తలుపేసుకుని గుసగుసలాడినా ఇక్కడ చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. ముప్పై రెండేళ్లలో మేమిద్దరం ఒక్క దెబ్బలాటైనా రహస్యంగా పడలేకపోయాం. ఇదే ఈ ఇంటికి ఆఖరి జబ్బు."

నాకు టక్, టక్ మన్న చప్పుడు వినిపించింది. ఆ రోజు వెనక గదిలో నాకు ఎంత స్పష్టంగా వినిపించిందో, ఇప్పుడు బుర్రలో అంత స్పష్టంగా మళ్లీ వినిపించింది. ఆ చప్పుడు నా దాకా వచ్చినప్పుడు, నా మాట ఆవిడ దాకా వెళ్లదా? తెలివితక్కువదాన్ని, ఆ చప్పుడే నాకు కాపలా అనుకున్నాను. దీనాగారి వైపు చూస్తే, ఆవిడ తన గాజులు సరిచేసుకుంటూ తల దించుకుని కూర్చున్నారు. ఆవిడకీ తెలుసు.

మా అత్త టీ చివరి గుక్క తాగి, గ్లాసు బోర్లించింది.

"అది నాకు దొరికీసింది మాస్టారూ. ఆవకాయ ముక్కలు కొట్టిన్నాడే" అంది. మాస్టారి వైపే చూస్తూ అంది. నా వైపు తిరగలేదు.

గోవింద్ చెవులు ఎర్రగా అయిపోయాయి. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. దాదాపు నెల రోజులు ఆవిడ ఆ మాటలన్నీ కడుపులో పెట్టుకుని, నేను ఫోను ఎత్తకపోయినా పిల్లకి తాటిముంజలు పంపింది. కొడుకుని పక్కకి పిలిచి ఒక్క మాట అడగలేదు. నేనే అయితే అదే రోజు కత్తిపీట విసిరేసి వీధంతా ఏకం చేసి ఉండేదాన్ని.

"మరి ఏవంటారు?" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"ఏటంటాను? నీల్లొచ్చేయి. నీల్లెంట తొమ్మండుగురు మనుసులొచ్చేరు, పిలవకండా. నాను లెక్కెట్టేను" అంది మా అత్త. "సింగన్నతో మాటాడేను. మెట్ల కిందనించి తూము ఏసుకోనిస్తానన్నాడు. గది గడప జానెడు ఎత్తు సేయించాల. ఈ పిక్కల కాలం ఎలాగూ అయిపోనాది. తోటకి మనిసిని సూడు గోవిందూ."

అంతే. పాతికేళ్ల తోట సంగతి అంత మామూలుగా, బజారు నుంచి ఉప్పు తెమ్మన్నంత మామూలుగా చెప్పేసి, చెప్పులేసుకుని ఆరు గంటల బస్సుకి బయల్దేరింది. బస్టాండు దాకా నేనూ వెళ్లాను. బస్సు ఎక్కుతూ, "తడిసిన బట్టలతో తిరక్కు, జొరం వొచ్చెత్తాది" అంది.

శ్రావణంలో పాలు పొంగించాం. మాస్టారూ దీనాగారూ వైజాగ్ నుంచి ఇంత పొడుగు కేకు పట్టుకుని వచ్చారు. పెరటి తలుపుకి రంగులు వేయించాం గానీ, లోపలి వైపు మాస్టారి అక్షరాలు అలాగే ఉంచమంది మా అత్త. తూము వేశారు, గడప ఎత్తు చేశారు. వెనక గదిని నేనే పట్టుబట్టి ఆవిడ గది చేశాను. ఆవిడ మాత్రం పగలంతా వీధి వరండాలోనే ఉంటుంది.

చుట్టాలంతా వెళ్లిపోయిన మర్నాడు మధ్యాహ్నం, పిల్ల బడికెళ్లింది, గోవింద్ డ్యూటీకెళ్లాడు. మా అత్త వరండాలో కూర్చుని కత్తిపీట మీద గోంగూర తరుగుతోంది. ఎదురుగా వెళ్లి చెప్పాలని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చివరికి వెనక గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, కిటికీ దగ్గర నిలబడ్డాను. గొంతు తగ్గించి, ఆ రోజు ఎంత మెల్లగా మాట్లాడానో అంతే మెల్లగా అన్నాను.

"అత్తా, ఆ రోజు నోటికొచ్చినట్టు వాగాను. నీ దగ్గర దాచాను. తప్పయిపోయింది. నీ అంత మనిషిని నేను కాలేను గానీ, నన్ను మన్నించు."

బయట కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. సందులో ఎక్కడో పిచ్చుక అరిచింది. నా కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అప్పుడు ఆవిడ గొంతు, పక్కన నిలబడి చెవిలో చెప్పినట్టు, సందులోంచి వచ్చింది.

"పదిట్లో ఒకటే కదే. బస్తా మంచిదే. ఎల్లి బేగి టీ ఎట్టు."